గట్టు రోడ్డు మీద రాళ్ళు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వినడానికి చాలా చిన్నది. "ఆ రోజు నేను అటు రాలేదండి." అంతే. అనడానికి ఒక్క ఊపిరి పట్టింది. అన్న తరవాత మాత్రం ఎనిమిదేళ్ళలో ఏ ఊపిరీ నిండుగా తీసుకున్నట్టు గుర్తు లేదు. గుండె మీద బండరాయి అని రాయబోయి ఆగాను. ఎందుకంటే ఇందులో నిజం రాళ్ళే ఉన్నాయి. సున్నం పూసిన రాళ్ళు, పద్నాలుగు. వాటిని నేను నా చేతులతో జరిపాను. జరిపినవాణ్ణి నేనని మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకి కూడా.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అది పిరికితనం అనుకుంటే అనుకోండి. చివరిదాకా చదివాక కూడా అలాగే అనిపిస్తే నేను కాదనను.

నాకు పాలకొల్లులో మందుల షాపు ఉంది. నాన్న పెట్టింది. ఇరవై రెండో ఏట ఆ కౌంటరు వెనక నిలబడ్డాను, నలభై ఒకటో ఏడు వచ్చేసరికి కూడా అక్కడే నిలబడి ఉన్నాను. ఆ ఏడు ఎండాకాలంలో డాక్టరు గారు నా రిపోర్టు చూసి, షుగరు గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రానిస్తావో లేదో నీ ఇష్టం అన్నారు. రోజూ ఊరందరికీ షుగరు మాత్రలు కవర్లో వేసి ఇచ్చేవాణ్ణి. భయమేసింది. మర్నాటి నుంచి నడక మొదలుపెట్టాను. నడక కాస్తా పరుగైంది. దసరా నాటికి ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరిగెత్తగలిగాను.

అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కానీ విశాఖలో ఉండే నా కాలేజీ స్నేహితుడొకడు మెడలో పతకంతో ఫొటో పంపాడు. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాడట. నాకంటే లావుగా ఉండేవాడు. ఆ ఫొటో రెండు రోజులు చూశాను. మూడో రోజు, ఫిబ్రవరి ఆఖర్లో సముద్రం పక్కన జరిగే పరుగుకి నా పేరు రాయించేశాను. పదహారు వారాల శిక్షణ పట్టిక ప్రింటు తీసి, షాపులో ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ తలుపుకి అంటించాను. నవంబరు మొదటి సోమవారం మొదలు.

"ఈ వయసులో మిమ్మల్ని ఎవరు తరుముతున్నారండీ?" అంది మా ఆవిడ.

మొదటి వారం పిక్కలు పట్టేశాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. రెండో వారం కాలి ముందెముక నొప్పి, కుక్కలు, మంచు. నాలుగూ ముప్పావుకి లేచేసరికి కిటికీ అవతల లోకమే లేనట్టుండేది. తలకి లైటు కట్టుకుని బయటపడితే ఆ వెలుగు నాలుగడుగుల దూరంలో మంచుకి తగిలి ఆగిపోయేది. అయినా మూడో వారానికి ఏదో జరిగింది. ఒక పొద్దున్న, కాలవ వంతెన దాటాక, నా అడుగుల చప్పుడు నాకే ముచ్చటేసింది. ఊపిరి, అడుగు, ఊపిరి, అడుగు. పంతొమ్మిదేళ్ళుగా ఇంకొకళ్ళ నొప్పులకి చీటీలు చదివిన మనిషిని. ఇది ఒక్కటీ నాది అనిపించింది. చేతి గడియారం చూపించే అంకెలు రోజుకి కాస్త తగ్గుతుంటే, చిన్నప్పుడు మార్కుల కాగితం చూసుకున్నంత సంబరం. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని ఏ కోపిష్ఠివాడో తాగుబోతో చేసింది కాదు. జీవితంలో మొదటిసారి తనని చూసి తాను సంతోషపడుతున్న మనిషి చేసింది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

నేను పరిగెత్తేది ఊరు దాటాక వచ్చే కాలవ గట్టు రోడ్డు మీద. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు. నవంబరులో సార్వా కోతలు. కోసిన వడ్లు ఆరబెట్టడానికి మా వైపు రైతులకి తారు రోడ్డుని మించిన కళ్ళం లేదు. సగం రోడ్డు మీద వడ్లు పోస్తారు, సగం బళ్ళకి వదిలేస్తారు. సాయంత్రానికి పొడుగ్గా రాశి చేసి, మంచు తగలకుండా బరకం కప్పి, బళ్ళు దాని మీదకి ఎక్కకుండా పక్కన వరసగా రాళ్ళు పెడతారు. అందరూ చేసేదే.

సూరిబాబు కూడా చేశాడు. రెండెకరాల కౌలు రైతు. అప్పటికి యాభై దాటి ఉంటాయి. బక్కపల్చటి మనిషి. వాళ్ళావిడకి ఉబ్బసం, మందులు నా షాపులోనే కొనేవాడు. అందువల్ల ఎరుక. మిగతావాళ్ళు ఇటుకలో, మొద్దులో, దొరికింది పెట్టేవాళ్ళు. సూరిబాబు మాత్రం పద్నాలుగు రాళ్ళు ఒకే సైజువి ఏరుకొచ్చి, బళ్ళవాళ్ళకి కనపడాలని ప్రతి రాయికీ సున్నం పూశాడు. రాశిని ఆనుకుని, జానెడు కూడా వదలకుండా, తాడు పట్టినట్టు వరసగా పెట్టేవాడు. భార్యకి రాత్రుళ్ళు ఆయాసం కాబట్టి రాశి దగ్గర పడుకునేవాడు కాదు. తెల్లారి ఏడింటికి వచ్చేవాడు. ఆదివారాలు నేను ఆలస్యంగా పరిగెత్తే రోజున కనపడితే, "ఆయ్, ఎందాకండి ఇయ్యాల?" అని నవ్వుతూ అడిగేవాడు.

సూరిబాబు వడ్లు పోసిన చోటు ఆ రోడ్డు మొత్తానికి బాగున్న ముక్క. నూటయాభై గజాలు కొత్తగా తారు వేశారు. మిగతాదంతా గోతులు. నా పట్టికలో మంగళవారం, శుక్రవారం వేగం పరుగులు రాసి ఉండేవి. కొంత దూరం ప్రాణం పెట్టి పరిగెత్తాలి, వెనక్కి మెల్లగా రావాలి, మళ్ళీ పరిగెత్తాలి. దానికి ఆ ముక్క తప్ప దారి లేదు. ఆ రెండు వారాలూ మబ్బు పట్టి ఎండ సరిగ్గా రాలేదు. వడ్లు ఆరలేదు. రాశి రోడ్డు మీదే ఉండిపోయింది.

ఒక మంగళవారం పొద్దున్న పాల వ్యాను ఒకటి మంచులోంచి మీదికొచ్చినట్టు వచ్చింది. పక్కకి గెంతాను. తడి బరకం మీద కాలు జారి పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ గడియారం ఆగింది, లెక్క చెడింది. ఎంత కోపం వచ్చిందో. వ్యాను మీద కాదు. ఆ వడ్ల మీద. తిండిగింజల మీద కోపం తెచ్చుకున్నాను, చూడండి.

ఆ శుక్రవారం మొదటిసారి రాళ్ళు జరిపాను. ఒక్కో రాయినీ రెండడుగులు రోడ్డు లోపలికి జరిపితే, రాశికీ రాళ్ళకీ మధ్య నాకొక సన్నటి దారి ఏర్పడింది. బళ్ళు రాని దారి. పది విడతలు ఏ అడ్డూ లేకుండా పరిగెత్తాను. అయ్యాక ఒక్కొక్క రాయినీ మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టాను. తరవాతి మంగళవారం కూడా అంతే, జరిపాను, తిరిగి పెట్టాను. ఇది గుర్తుంచుకోండి. తిరిగి పెట్టానంటే, అలా వదిలేయడం ప్రమాదమని నాకు తెలుసన్నమాట. తెలియక చేశానని చెప్పుకునే దారి ఆ రెండు రోజులతోనే మూసుకుపోయింది.

మూడోసారి, మళ్ళీ శుక్రవారం. ఆ సీజన్‌లో అంత మంచు ఎప్పుడూ చూడలేదు. తెల్లటి రాళ్ళు తెల్లటి మంచులో చేతికి తగిలితేనే తెలిశాయి. జరిపాను. పరిగెత్తాను. ఆ రోజు కాళ్ళు నావి కానట్టు కదిలాయి. పదో విడత అన్నిటికంటే వేగంగా వచ్చింది. గడియారంలో అంకె చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఇంటిదాకా అదే ఊపులో వెళితే ఆ రోజు మొత్తం దూరానికి నా జీవితంలోనే మంచి సమయం వస్తుంది. రాళ్ళ వైపు చూశాను. ఆగాలి, వంగాలి, పద్నాలుగుసార్లు. చెమట చల్లారిపోతుంది. గడియారం నడుస్తూనే ఉంటుంది.

సూరిబాబు ఎలాగూ వస్తాడు, ఆయనే సర్దుకుంటాడు అనుకున్నాను.

నిజంగా అనుకున్నానా? లేక తరవాత అనుకున్నట్టు చెప్పుకున్నానా? ఎనిమిదేళ్ళలో ఆ క్షణాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశానో, ఇప్పుడు అసలుదేదో నేను అతికించిందేదో తెలియడం లేదు. ఒక్కటి మాత్రం ఖాయం. చూశాను, వదిలేశాను, పరిగెత్తాను.

షాపు తీసేసరికి కబురు వచ్చేసింది. జ్వరం మాత్రలకి వచ్చినాయన చెప్పాడు. కాలవ అవతల ఊరి నర్సమ్మ రత్నకుమారి గారు, పిల్లలకి టీకాలు వేసే ఆవిడ, ఇంకా ఏడు కాకముందే డ్యూటీకి స్కూటీ మీద వెళుతుంటే ఎదురుగా వ్యాను వచ్చిందట. పక్కకి తీసేసరికి బండి రాయెక్కిందట. తుంటి ఎముక విరిగింది, అంబులెన్సులో భీమవరం తీసుకెళ్ళారు. "ఆ సూరిబాబు రాళ్ళు రోడ్డు మధ్యలో పెట్టాడంటండి, బుద్ధుండాలి కదా," అన్నాడు. నేను తలూపాను. ఆయన మాత్రలు ఆయనకిచ్చాను. ఆయన వెళ్ళాక ఫోను తీసి, గడియారం నుంచి అందులోకి ఎక్కిన ఆ పొద్దుటి పరుగుని చెరిపేశాను. ఏ దారిన వెళ్ళానో, ఎక్కడ ఎంతసేపున్నానో అన్నీ అందులో గీత గీసినట్టు ఉంటాయి. నా జీవితంలో అతి మంచి సమయం. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అంటే అప్పటికే నాలో ఎవరో చాలా స్పష్టంగా ఆలోచిస్తున్నారు.

మూడో రోజు మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేనప్పుడు సూరిబాబు వచ్చాడు. చేతిలో మందుల చీటీ లేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"బాబుగారూ, మీతో ఒక్క మాటండి."

"చెప్పు సూరిబాబూ." వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నేను ఆయన్ని నువ్వనే అనేవాణ్ణి. అదీ ఇప్పుడు గుర్తొస్తోంది.

"పొద్దున్నే ఆ గట్టు మీద పరిగెత్తేది మీరొక్కరేనండి. నా రాళ్ళు ఎక్కడుంటాయో మీరు రోజూ చూత్తారు. గురువారం సాయంత్రం రాశిని ఆనించే పెట్టానండి నేను. రోడ్డు మీదికి పెట్టలేదు. పొద్దున్న మీరెళ్ళేటప్పుడు ఎలా ఉన్నాయో ఆ ఒక్క ముక్కా ఎస్సై గారికి చెప్పండి. మీ మాటంటే వింటారు."

"శుక్రవారమా?" అన్నాను. ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టాను. "ఆ రోజు నేను అటు రాలేదండి."

ఆయన్ని అండీ అన్నది అదే మొదటిసారి. తప్పు చేసిన నోరు మర్యాద నేర్చుకుంది.

"రాలేదాండి?"

"లేదు. మంచు ఎక్కువగా ఉందని మానేశాను."

సూరిబాబు నా ముఖంలోకి చూశాడు. అనుమానంగా కాదు. అనుమానిస్తే బావుండేది. పరీక్షలో తప్పిన పిల్లాడు జవాబు పత్రం మళ్ళీ చూసుకున్నట్టు, తనలోకి తాను చూసుకున్నాడు.

"అయితే నేనే పెట్టానేమోనండి," అన్నాడు మెల్లగా. "ఆ సాయంత్రం ఇంటిదానికి ఆయాసం ఎక్కువగా ఉందని కంగారులో ఉన్నాను. చీకటడిపోయింది. గుర్తేమో సరిగ్గా పెట్టినట్టే ఉందండి. కానీ మీరు కూడా చూడలేదంటే... ఏమో."

తలగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ "ఏమో" గురించి మీతో చెప్పాలి. సాక్ష్యం చెప్పకుండా ఒక మనిషిని ఒంటరివాణ్ణి చేశానని మొదట్లో అనుకునేవాణ్ణి. కాదు. అంతకంటే హీనమైన పని చేశాను. తన చేతులు చేసిన పనిని తాను నమ్మకుండా చేశాను. వారం తరవాత పెద్దమనుషులు కూర్చుంటే సూరిబాబు అందరి ముందూ లేచి, "కంగారులో నేనే రోడ్డు మీదికి పెట్టి ఉంటానండి, తప్పు నాదే, క్షమించండి" అన్నాడట. నేను ఒప్పుకోవాల్సిన తప్పుని ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఏడే భూమి గలాయన కౌలు తీసేసి వేరేవాళ్ళకిచ్చాడు. అజాగ్రత్త మనిషి అన్నాడట. రాళ్ళకి సున్నం పూసిన మనిషిని.

పోలీసులు నన్నేమీ అడగలేదు. ఎవరైనా అడిగితే చెప్పి ఉండేవాణ్ణా? చాలాకాలం, చెప్పి ఉండేవాణ్ణి అనే అనుకున్నాను. కానీ సూరిబాబు అడిగాడు కదా. అడగవలసిన మనిషి అడిగాడు కదా.

పరుగు మానేశానని రాస్తే మీకు నా మీద కాస్త మంచి అభిప్రాయం కలిగేది. మానలేదు. స్టేషను వైపు రోడ్డుకి మారాను. పదహారు వారాలూ పూర్తి చేశాను. విశాఖలో నలభై రెండు కిలోమీటర్లూ పరిగెత్తాను, ఆఖరి పది కుంటుతూ. వర్తకుల సంఘంవాళ్ళు సెంటర్లో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. పట్టుదలకి మారుపేరు అని రాశారు. నెల్లాళ్ళు దాని కిందనుంచే షాపుకి వెళ్ళాను. ఆ ఏడు నా షుగరు కూడా తగ్గింది. చెడ్డపని చేసినవాడికి వెంటనే ఏదో జరుగుతుందంటారే, నాకు అన్నీ మంచే జరిగాయి.

రత్నకుమారి గారు ఆర్నెల్ల తరవాత నా షాపుకి రావడం మొదలుపెట్టారు. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచేవారు. స్కూటీ అమ్మేసి ఆటోలో తిరిగేవారు. నొప్పి మాత్రలు, కాల్షియం, తరవాత నిద్రమాత్రలు. నేనెప్పుడూ ఆవిడకి కొన్న ధరకే ఇచ్చేవాణ్ణి. "మీది మంచి మనసండి" అనేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ కౌంటరు కింద దేనికోసమో వెతుకుతున్నట్టు వంగేవాణ్ణి.

అలా ఏళ్ళు గడిచాయి. బహుశా ఇంకా గడిచేవి.

పోయిన నెల రత్నకుమారి గారు వచ్చారు. తుంటికి మళ్ళీ ఆపరేషను చెయ్యాలన్నారట. నేను చీటీ చూసి మందులు తీస్తుంటే, స్టూలు మీద కూర్చుని ఉన్నట్టుండి అన్నారు.

"ఆ సూరిబాబు ఇప్పుడు రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నాడంటండి. మొన్న బస్సులో వాళ్ళావిడ కనపడింది. నన్ను చూసి తల తిప్పేసుకుంది. అప్పుడు నొప్పిలో ఉండి ఆయన్ని నానా మాటలూ అన్నానండి. చూడ్డానికి ఆసుపత్రికొస్తే గుమ్మంలోంచే పంపించెయ్యమన్నాను. కేసు పెడతానని పట్టుబట్టింది నేనే. ఏదో చీకట్లో పొరపాటు పడ్డాడు, మనిషే కదా. నా మాటల వల్లే ఆయన బతుకు అలా అయిందేమోనని ఈమధ్య నిద్ర పట్టట్లేదు. ఈ ఆపరేషను కూడా ఆ ఉసురేనేమో."

నా చేతిలో మాత్రల పట్టీ ఉంది.

ఆవిడ నిద్రమాత్రలు దేనికో నాకప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ళూ నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. అందులో కాస్త గొప్ప కూడా ఉండేదేమో, బాధపడుతున్నాను కాబట్టి నేను పూర్తిగా చెడ్డవాణ్ణి కాననే గొప్ప. కానీ నా తప్పు బరువు అసలు నా మీద లేనే లేదు. ఆయన, తాను సరిగ్గా పెట్టలేదేమోనని మోస్తున్నాడు. ఆవిడ, తాను ఎక్కువ మాటన్నానేమోనని మోస్తున్నారు. ఏ తప్పూ చేయని ఇద్దరు. నేను కౌంటరు వెనక నిలబడి వాళ్ళకి మందులు అమ్ముతున్నాను.

ఆ ఆదివారం చెరువు దగ్గరికి వెళ్ళాను. బైకు దూరంగా ఆపి గట్టు మీద నడుచుకుంటూ వెళ్ళాను. సూరిబాబు బాగా వంగిపోయాడు. మేత బస్తాలున్న రేకుల షెడ్డుకి తాళం వేసి, ఒకసారి లాగి చూశాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగాడు. మళ్ళీ ఇంకోసారి. పక్కన కూర్చున్న వాళ్ళావిడ నన్ను చూసి, "ఆయనంతేనండి, ఏది పెట్టినా నాలుగుసార్లు చూసుకోపోతే నమ్మకం ఉండదు, అప్పట్నుంచీ" అంది. అప్పట్నుంచీ అంటే ఎప్పట్నుంచో ఆవిడ చెప్పక్కర్లేదు.

నిలబడే చెప్పాను. ఎన్నో వాక్యాలు తయారు చేసుకుని వెళ్ళాను. ఏవీ రాలేదు. "ఆ శుక్రవారం నేను వచ్చానండి. రాళ్ళు రోడ్డు మీదికి జరిపింది నేను. మీరు కాదు," అన్నాను.

సూరిబాబు తాళంచెవి మొలలో దోపుకున్నాడు. చెరువులో గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి. కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. నిజానికి అలా చెయ్యాలని కోరుకున్నాను.

"అంటే," అన్నాడు చివరికి, "నేను సరిగ్గానే పెట్టానన్నమాటండి."

"అవునండి."

భార్య వైపు తిరిగాడు. "ఏమే, విన్నావా? నేను సరిగ్గానే పెట్టానంట."

ఆవిడ పమిట నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, ఆయాసమో తెలియలేదు.

తరవాత నన్నడిగాడు. "ఆ నర్సమ్మ గారికి తెలుసాండి ఇది?"

"ఇంకా లేదు."

"మరి ముందు నా దగ్గరికెందుకొచ్చారు? దెబ్బ తగిలింది ఆవిడికి కదండి?"

జవాబు తెలుసు. ఇద్దరిలో ఆయన దగ్గర చెప్పడం నాకు తేలిక. బీదవాడు, మర్యాదస్థుడు, నన్ను బాబుగారూ అనేవాడు. ఒప్పుకోవడంలో కూడా సులువైన దారే వెతుక్కున్నాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. వెళ్ళమనలేదు కూడా. కాసేపటికి షెడ్డు బయట ఉంచిన మేత బస్తా భుజానికెత్తుకుని చెరువు గట్టు మీద నడుచుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున్న రత్నకుమారి గారింటికి వెళ్ళాను. గుమ్మంలోనే చెప్పేశాను, లోపలికి రమ్మంటే ధైర్యం పోతుందని. కర్ర మీద ఆనుకుని పూర్తిగా విన్నారు. ముఖంలో రంగు మారలేదు.

"నాకు మందులు ఎప్పుడూ ధర తగ్గించి ఇచ్చేవారు," అన్నారు. "అందుకాండి?"

"అవునండి."

ఆవిడ నవ్వారో, నిట్టూర్చారో. "నేను మంచితనం అనుకున్నాను."

తలుపు వేసుకోబోయి ఆగారు. "నాకు చెప్పేశారు, మీ పని మీకైపోయింది. ఆయనది ఎలా అవుతుంది? ఆ రోజు ఊరందరి ముందూ తప్పు నాదే అన్నాడు కదా. ఇదంతా కాగితం మీద రాయండి. మీ పేరుతో. ఆయన చేతికివ్వండి. ఎవరికి చూపించుకుంటాడో ఆయనిష్టం."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. అప్పటినుంచి ఆవిడ మందులకి నా షాపుకి రావడం లేదు. బస్టాండు దగ్గర షాపులో కొంటున్నారని తెలిసింది. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నాతో మాట్లాడ్డం లేదు. వంట చేసి పెడుతోంది, మాట్లాడ్డం లేదు.

కాగితం రాయడానికి ఒక పొద్దుటి పూటంతా పట్టింది. నాలుగుసార్లు చించేశాను. ప్రతిసారీ ఎక్కడో ఒక "కానీ" దూరిపోయేది. మంచు ఎక్కువగా ఉంది కానీ. తిరిగి పెడదామనుకున్నాను కానీ. వాటన్నిటినీ కొట్టేస్తే మిగిలింది పదకొండు వరసలు. కింద నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. సంతకం పెట్టాను. షాపు ముద్ర కూడా వేశాను. ఇక్కడ దాచుకున్న పేరు అక్కడ ఉంది. అది ఉండవలసిన చోటు అదేననిపించింది.

నిన్న పట్టుకెళ్ళి ఇచ్చాను. దీనివల్ల ఊళ్ళో ఏమవుతుందో, ఎవరు షాపుకొచ్చి ఏమంటారో నాకు తెలియదు. రేపు తెలుస్తుంది, లేకపోతే ఎల్లుండి. చిత్రమేమిటంటే భయం ఉంది, సిగ్గు ఉంది, ఆ రెండింటి కింద ఎక్కడో చాలా ఏళ్ళ తరవాత ఒక నిండు ఊపిరి కూడా ఉంది. దానికి నాకు హక్కుందో లేదో తెలియదు. అయినా ఉంది.

సూరిబాబుకి దగ్గర అక్షరాలు ఆనవు. కాగితం భార్య చేతికిచ్చి చదవమన్నాడు. ఆవిడ కూడబలుక్కుంటూ చదివింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి విన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆవిడ మళ్ళీ మొదటినుంచి చదివింది. నేను వెళ్ళేసరికి రాళ్ళన్నీ ముందురోజు సాయంత్రం సూరిబాబు పెట్టిన చోటే, రాశిని ఆనుకునే ఉన్నాయి అన్న వరస దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"అదొక్కటీ మళ్ళీ చదువు," అన్నాడు.

ఆవిడ చదివింది. నేను నిలబడి విన్నాను.